అటక మీది తుపాకీ మందు: మంటలో వెయ్యకూడదు, మట్టిలో పూడ్చకూడదు, మరేం చెయ్యాలి?

పోయిన భోగికి ముందు రోజు మా తాత ఇంటి అటక ఖాళీ చేశాం. ఉదయగిరి కొండ కనబడే మెట్ట ఊరు మాది. చీకటి పడితే చేల మీదికి అడవి పందులు దిగుతాయి. ఆ కారణం చూపించే తాత ఒకప్పుడు 12 బోరు జోడు గొట్టాల తుపాకీకి లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక నాయన ఆ తుపాకీని స్టేషన్లో అప్పజెప్పాడు, రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది. తుపాకీతో పాటు పోవాల్సిన సరుకు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. విరిగిన కుర్చీ కాళ్లు, చెదలు తిన్న చాటలు, చీకిపోయిన చాపలు దింపుతుంటే వాటి వెనకాల గోనెపట్టాలో చుట్టిన ఓ పాలపొడి డబ్బా, దాని పక్కనే చెమ్మకు ఉబ్బిపోయిన కాగితపు తూటాలు పదో పన్నెండో బయటపడ్డాయి.

"పాత సామానంతా రేపు మంటలోకే గదా, ఇది గూడా ఏసేస్తే పోలా!" అన్నాడు చిన్నాయన కొడుకు. వాడిని తప్పు పట్టలేం. భోగి అంటేనే పాతదాన్ని వదిలించుకునే రోజు. చిన్నాయన మాత్రం "అట్టా చెయ్యమాకరా అబ్బయా" అంటూ డబ్బా అందుకుని మూత సడలించాడు. ముక్కు పుటాలు మండేంత ఘాటైన వాసన ఒక్కసారి కొట్టింది. మూత లోపలి వైపు ఇటుకపొడి లాంటి ఎర్రటి దుమ్ము. అడుగున చిన్న చిన్న బిళ్లల్లా, బూడిద రంగు తిరిగిన నల్లటి పలుకులు. రెండు క్షణాలు చూసి మూత పెట్టేశాడు. తీయకుండా ఉండాల్సింది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఉబ్బిన తూటా తుపాకీ గొట్టంలోకి ఎక్కదు. అలాంటివి కోసి, గుళ్లు వేరుగా, మందు వేరుగా దాచుకోవడం ఆ రోజుల్లో వేటగాళ్ల అలవాటు. డబ్బాలో మందు అలా చేరిందే. నెల్లూరు, ప్రకాశం మెట్ట ఊళ్లలో, వెలిగొండల వెంట, అటు నల్లమల అంచు దాకా ఇలాంటి డబ్బాలున్న అటకలు ఇంకా చాలానే ఉంటాయని నా నమ్మకం. ఈ వ్యాసం వాటి గురించి.

రెండు మందులు, ఒకే పేరు

మన దగ్గర "తుపాకీ మందు" అంటే రెండు వేరు వేరు సరుకులు. వాటిని విడదీసి చూడకపోతే అన్ని జాగ్రత్తలూ తలకిందులవుతాయి.

మొదటిది సురేకారం మందు. సురేకారం సుమారు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపి నూరితే వచ్చేది. నాటు తుపాకీలో కూరేదీ, తిరునాళ్లలో ఔట్లకు వాడేదీ ఇదే. వేళ్ల మధ్య నలిపితే మసి అంటుకుంటుంది. కాలినప్పుడు సగానికి పైగా గట్టి బూడిదగానే మిగిలిపోతుంది కాబట్టి అంత తెల్లటి పొగ. నిప్పురవ్వ తగిలితే చాలు, రాపిడి తగిలినా కష్టమే. ఆరుబయట ఉన్నా భగ్గుమని ఒక్క ఊపున లేస్తుంది.

రెండోది పొగరాని మందు. దీని పుట్టుక పత్తిలో ఉంది. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రవంలో ముంచి తీస్తే అది చూడటానికి దూదిలాగే ఉండి, నిప్పు చూపిస్తే బూడిద కూడా మిగలకుండా మాయమైంది. అదే నైట్రోసెల్యులోజ్. దాన్ని అదుపులో కాలేలా చెయ్యడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దాన్ని ద్రావకాల్లో మెత్తబెట్టి, పలకలుగా సాగదీసి, ముక్కలుగా కోశాడు. తుపాకులు పొగ లేకుండా పేలడం అప్పుడు మొదలైంది. కొద్ది కాలానికే ఆల్ఫ్రెడ్ నోబెల్ దానికి నైట్రోగ్లిసరిన్ జోడించాడు. 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవార్ తీగల్లా సాగే కార్డైట్ తయారు చేశారు. ఆ కార్డైట్ కోసమే మన దక్షిణాదిన నీలగిరుల్లో, అరువంకాడులో 20వ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ పెట్టారు. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఉంటే ఏకమూల మందు, నైట్రోగ్లిసరిన్ కూడా కలిస్తే ద్విమూల మందు. కొట్లో కొన్న 12 బోరు తూటాల్లో ఉండేది ఈ పొగరాని రకమే.

తేడా పేరులోనే లేదు. సురేకారం మందు మూడు పదార్థాల కలయిక. నీళ్లు పోస్తే సురేకారం కరిగి వేరుపడిపోతుంది. నైట్రోసెల్యులోజ్‌లో అలా విడదీసేదేమీ లేదు. కాలే సరుకూ, కాల్చే ఆక్సిజనూ ఒకే అణువులో అల్లుకుని ఉంటాయి. దీనివల్ల రెండు సంగతులు. ఒకటి, మంట పుట్టాక ఇసుక పోసినా, గోతాం కప్పినా ఆరదు. బయటి గాలితో దానికి పని లేదు. రెండోది, నీళ్లలో వేస్తే తడుస్తుందే గానీ చావదు. ఆరబెడితే మళ్లీ మామూలే. "నీళ్లలో పడేశాం, పీడ పోయింది" అన్న మాట సురేకారం మందు విషయంలో సగం నిజం, పొగరాని మందు విషయంలో పూర్తిగా అబద్ధం.

ఇక మూడో సంగతి ఒకటుంది. అసలు కథ దానిలోనే.

తనను తానే తినే మందు

నైట్రోసెల్యులోజ్ పుట్టిన రోజు నుంచే కొద్ది కొద్దిగా విడిపోతూ ఉంటుంది. విడిపోయినప్పుడల్లా నత్రజని ఆక్సైడులు వెలువడతాయి. అవి చెమ్మతో కలిస్తే ఆమ్లమవుతాయి, ఆ ఆమ్లం పక్కనున్న అణువుల్ని ఇంకా తొందరగా విడగొడుతుంది. ప్రతి విడుపులోనూ కాస్త వేడి పుడుతుంది, వేడి పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుంది. అందుకే తయారీలోనే డైఫినైల్‌అమీన్ లాంటి పదార్థాన్ని ఒక శాతం అటూ ఇటూగా కలుపుతారు. దాని పని ఆ ఆక్సైడులను పుట్టినవి పుట్టినట్టు పట్టేసుకోవడం. ఆ పదార్థం ఉన్నంత కాలం మందు నిలకడగా ఉంటుంది. అయిపోయిన రోజు నుంచి మందుకు కాపలా లేదు.

మెట్ట రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. పచ్చి ఆరని గడ్డి వామి వేస్తే ఏమవుతుంది? పైకి చల్లగానే ఉంటుంది. లోపల వేడి పుట్టి, బయటికి పోయే దారి లేక పేరుకుని, ఒక రోజు ఎవరూ అగ్గిపుల్ల గియ్యకుండానే వామి నడిబొడ్డు నుంచి పొగ లేస్తుంది. పాతబడ్డ మందు కుప్పలోనూ జరిగేది అదే. పిడికెడు గడ్డి అలా అంటుకోదు, వామి అంటుకుంటుంది. మందులోనూ రాశి పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడికి బయటపడే దారి మూసుకుపోతుంది. అందుకని అరకిలో డబ్బా దానంతటది అంటుకోవడం అరుదు. టన్నుల లెక్కన పోగేసిన చోట మాత్రం అది మళ్లీ మళ్లీ జరిగింది. నిలకడ పదార్థాల విలువ తెలియని తొలిరోజుల్లో ఫ్రెంచి నౌకాదళం దీనికి మోసిన నష్టం చిన్నది కాదు. తులాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే రెండు యుద్ధనౌకలు యుద్ధమే లేకుండా తమ మందు కొట్లు పేలి నాశనమయ్యాయి. లిబెర్తే పేలుడులో చనిపోయినవాళ్లు వందల్లో ఉన్నారు. రెండింటిలోనూ చెడిపోయిన పొగరాని మందే కారణమన్నది బలమైన అభిప్రాయం.

మన వాతావరణం దీనికి ఎరువు లాంటిది. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరులో నీడలోనే 44 డిగ్రీలు చూసే రోజులవి. సిమెంటు రేకుల కింది అటక మీద ఎంత ఉంటుందో అక్కడికి ఎక్కిన ఒళ్లే చెబుతుంది. చల్లటి దేశంలో దశాబ్దాలు నిలిచే మందు మన అటక మీద అన్నాళ్లు నిలవాలని లేదు. డబ్బా మీద ముద్రించిన తేదీ కన్నా ఆ డబ్బా ఎన్ని వేసవులు ఏ పైకప్పు కింద గడిపిందన్నదే లెక్క.

చెడిన మందును గుర్తుపట్టే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. మంచి మందుకు ఈథర్ లాంటి, కాస్త తియ్యటి మందుల వాసన ఉంటుంది. చెడినది ముక్కు మండేలా పుల్లటి ఘాటు కొడుతుంది. మూతలో ఎర్రదుమ్ము, రేకు లోపలి వైపు తుప్పు, ఇత్తడి తూటా అడుగున పచ్చటి చిలుము కనబడతాయి. మరీ ముదిరితే మూత సడలించగానే గోధుమ రంగు ఆవిరి లేస్తుంది. ఈ ఆనవాళ్లు రాస్తున్నది ఎవరూ వాసన చూసి తేల్చుకోవడానికి కాదు. ఆ ఘాటు నైట్రోజన్ డయాక్సైడుది. ఎక్కువగా పీలిస్తే అప్పటికి దగ్గుతో సరిపెట్టి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చెయ్యగలదు. మా చిన్నాయన ఆ డబ్బా తెరవకుండా ఉండాల్సిందని నేనన్నది ఇందుకే. ముప్ఫై ఏళ్ల నాటి డబ్బా దొరికితే అది చెడిపోయిందనే అనుకోవాలి, తెరిచి చూడాల్సిన పని లేదు.

ఎండలో వదిలేసిన 98 కంటైనర్లు

ఈ విషయంలో నాకు అన్నింటికన్నా కడుపు మండించే ఉదాహరణ సైప్రస్‌ది. 2009లో ఆ దేశం ఒక ఓడలో పట్టుకున్న 98 కంటైనర్ల మందుగుండును తన నౌకాదళ స్థావరంలో ఆరుబయట పేర్చి పెట్టింది. ఏం చెయ్యాలో ఎవరూ తేల్చలేదు. రెండేళ్లకు పైగా ఇనుప పెట్టెలు ఎండలో కాలుతూనే ఉన్నాయి. పేలుడుకు కొద్ది రోజుల ముందు ఒక కంటైనర్ ఉబ్బింది కూడా. 2011 జులై 11 తెల్లవారుజామున మంటలు లేచి, మొత్తం పేలింది. 13 మంది చనిపోయారు. వాళ్లలో మంటలార్పడానికి వెళ్లినవాళ్లున్నారు. పక్కనే ఉన్న ఆ దేశపు అతిపెద్ద విద్యుత్ కేంద్రం దెబ్బతిని ద్వీపమంతా నెలల తరబడి కరెంటు కోతలతో గడిపింది. ఆ సరుకు ప్రమాదమని చెప్పినవాళ్లు లేక కాదు, తీసుకోవాల్సిన నిర్ణయం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూ ఉండిపోయింది. మా అటక మీద జరిగిందీ చిన్న కొలతలో అదే. నాయన తాత చేస్తాడనుకున్నాడు, చిన్నాయన నాయన చేశాడనుకున్నాడు.

తడిపి పెట్టడం గురించి కూడా ఒక మాట. ఫ్యాక్టరీల మధ్య నైట్రోసెల్యులోజ్‌ను నీళ్లతోనో ఆల్కహాలుతోనో బాగా తడిపే రవాణా చేస్తారు, తడి ఉన్నంతసేపు అది అంత తొందరగా అంటుకోదు. ఆ తడి ఆరిపోతే ఏమవుతుందో 2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ రేవు చూసింది. ఒక కంటైనర్‌లో నైట్రోసెల్యులోజ్ ఎండిపోయి, వేసవి వేడికి దానంతటదే అంటుకుంది. ఆ మంట పక్కనున్న అమ్మోనియం నైట్రేట్‌కు పాకి 173 మందిని పొట్టన పెట్టుకుంది. బకెట్ నీళ్లలో వేసి పశువుల కొట్టం మూల పెట్టి మరచిపోతే, ఎండాకాలం వచ్చేసరికి ఆ బకెట్‌లో మిగిలేది మళ్లీ పొడి మందే.

మనవాళ్లు చేసే, చెయ్యకూడని పనులు

భోగి మంట దగ్గరికే వద్దాం. పొగరాని మందును నేల మీద పల్చగా పరిచి నిప్పంటిస్తే పెద్ద మంటతో బుస్సుమని కాలిపోతుంది, పేలదు. అదే మందును మూత బిగించిన డబ్బాలో పెట్టి వేడి చేస్తే బాంబు అవుతుంది. ఈ మందు గుణమే అంత: చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత వేగంగా కాలుతుంది, కాలేకొద్దీ ఒత్తిడి పెంచుతుంది. 12 బోరు తుపాకీ గొట్టంలో ఆ ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 600, 700 రెట్ల దాకా వెళుతుంది, గుళ్లను తోసేది అదే. పాలపొడి డబ్బా రేకు దాంట్లో ఎన్నో వంతుకు ఆగుతుంది? ఆగినంతసేపు ఒత్తిడి పెంచి, ఆగలేనప్పుడు రేకు ముక్కల్ని చుట్టూ చలి కాచుకుంటున్న పిల్లల మీదికి విసురుతుంది. తూటాలనైనా మంటలో వెయ్యకూడదు. గొట్టం లేదు కాబట్టి గుళ్లు తుపాకీ వేగంతో పోవు గానీ, ఇత్తడి మూత, అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ ఎగిరి కన్ను తీసెయ్యగలవు.

రెండోది పూడ్చిపెట్టడం. మట్టికి నైట్రోసెల్యులోజ్ లొంగేది చాలా నెమ్మదిగా. ఎప్పుడో మీ మనవడు ఇంటి పునాది తవ్వుతూ గడ్డపారతో దాన్ని పలకరించాలా? బావి, చెరువు సంగతి ఇంకా ఘోరం. కొన్ని మందుల్లో డైనైట్రోటోలీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకమని అనుమానించే పదార్థం. తాగే నీళ్లకు దాన్ని చేర్చే హక్కు మనకు లేదు.

మూడోది ఎరువు. "దాంట్లో నత్రజని ఉంటుందంట, నిమ్మచెట్ల పాదుల్లో చల్లితే యూరియా ఖర్చు మిగులుద్ది" అని చదువుకున్నవాళ్లే నాతో అన్నారు. ఉన్నది నత్రజనే. కానీ చెట్టు వేరు అందుకునే రూపంలో లేదు. ఎండిన పాదులో పడి ఉన్న పలుకుల మీద బీడీ పీక పడితే తోటలో ఎండుగడ్డి అంటుకుంటుంది. ద్విమూల మందైతే అందులో నైట్రోగ్లిసరిన్ ఉంటుంది. గుండె జబ్బువాళ్లకు డాక్టర్లు మిల్లీగ్రాముల్లో ఇచ్చేది అదే, రక్తపోటును దించేస్తుంది. మేక దాన్ని నాకితే ఏమవుతుందో ఆలోచించండి.

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది నాలుగోది. మిగిలిన పొగరాని మందును నాటు తుపాకీలో సురేకారం మందు కొలతకే కూరడం. ఆ తుపాకీ గొట్టం నెమ్మదిగా నెట్టే మందుకు పనికొచ్చేలా చేసింది. పొగరాని మందు పుట్టించే ఒత్తిడికి అది తొడిమ దగ్గర చీలుతుంది, అంటే సరిగ్గా కాల్చేవాడి చెంప పక్కన. పందుల కాపలాకు వెళ్లి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను మెట్ట ఊళ్లలో వెతకనక్కర్లేదు. లైసెన్సు లేని నాటు తుపాకీ అసలే నేరం, ఆ సంగతి వేరే చెప్పాలా?

చీమకుర్తి వైపు బంధువులున్న మా ఊరాయన ఒకరు "గ్రానైట్ క్వారీలో బ్లాస్టింగ్ చేసేవాళ్లకిస్తే సరిపోద్ది గదా" అన్నాడు. వాళ్లకు లైసెన్సున్నది వాళ్లు లెక్కగా కొని, లెక్కగా వాడే పేలుడు సామగ్రికి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని డబ్బా వాళ్ల రిజిస్టరులో ఎక్కదు, ఎక్కకూడదు.

అమెరికావాళ్ల పద్ధతి మనకెందుకు పనికిరాదు

ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనబడేది అమెరికా సలహా. అక్కడ తూటాలు సొంతంగా నింపుకోవడం చట్టబద్ధమైన సరదా, మందు డబ్బాలు కొట్లో దొరుకుతాయి. చెడిన మందును ఇళ్లకు దూరంగా, బోడి నేల మీద, అంగుళం మందం దాటకుండా పల్చగా పరిచి, మనిషి దూరం వెళ్లేదాకా నిదానంగా పాకే కాగితమో ఎండుపుల్లలో వత్తిగా పెట్టి కాల్చమని అక్కడి తయారీదారులే చెబుతారు. ఆ దేశంలో, ఆ సరుకుకు అది సబబైన సలహానే. కాలుతున్న కుప్ప మీద ఇంకొంచెం పొయ్యొద్దనీ, ఒకే చోట వెంటనే రెండోసారి పరచొద్దనీ కూడా చెబుతారు.

ఆ సలహా మూడు నమ్మకాల మీద నిలబడింది. డబ్బాలో ఉన్నది ఏ రకమో తెలుసన్నది మొదటిది. మా తాత డబ్బాలో ఉన్నది పొగరాని మందేనా, లేక ఎవరైనా అడుగున కాస్త సురేకారం మందు కూడా కలిపారా? బతికున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. కలిసి ఉంటే పల్చగా పరిచినా అది నెమ్మదిగా కాలదు, వత్తి అంటించిన మనిషి వెనక్కి తిరిగేలోపే లేస్తుంది. అలా పరిచి కాల్చడం సొంతదారుకు చట్టం అనుమతించిన పని అన్నది రెండోది. మన దగ్గర కాదు. మూడోది చుట్టూ కాలే వస్తువు లేదన్నది. జనవరి తర్వాత మన మెట్టలో గడ్డి లేని నేల ఎక్కడ?

ఆ అమెరికాలోనే రాశి పెరిగేసరికి ఈ పద్ధతికి జనం ఒప్పుకోలేదు. లూసియానా రాష్ట్రంలోని క్యాంప్ మిండెన్ దగ్గర ఒక కాంట్రాక్టు సంస్థ నిర్వీర్యం చేస్తానని తీసుకున్న ఫిరంగి మందును ఎక్కడపడితే అక్కడ పేర్చింది. 2012 అక్టోబరులో ఒక నిల్వగది పేలాక లెక్క చూస్తే సుమారు 7,000 టన్నుల మందు తేలింది. ఆరుబయట కాల్చేస్తామని ప్రభుత్వ పర్యావరణ సంస్థ అంటే, ఆ పొగ పీల్చేది మేమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడ్డం తిరిగారు. చివరికి పొగను శుద్ధి చేసే మూసిన కొలిమి తెప్పించి 2016 నుంచి ఏడాది పాటు కాల్చి 2017లో పూర్తి చేశారు. నాలుగు వందల గ్రాములకు ఒక పద్ధతి, ఏడు వేల టన్నులకు ఇంకో పద్ధతి. పారబొయ్యడంలో రాశి చూడకుండా చెప్పే ఏ సలహానైనా నేను నమ్మను.

ఈ జాతి సరుకు మన సముద్రపు ఒడ్డునే రోజూ పని చేస్తోంది. శ్రీహరికోటలో రాకెట్లకు పోసే ఘన ఇంధనం రసాయనం వేరైనా సూత్రం ఒకటే, కాలడానికి కావాల్సిన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకుంటుంది. అన్ని జాగ్రత్తల మధ్య, తెలిసినవాళ్ల చేతుల్లోనే 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధన విభాగంలో మంటలు లేచి ఆరుగురు పోయారు. అలాంటి సరుకుతో ఇంటి పెరట్లో ప్రయోగాలు చెయ్యమని నేను ఎవరికీ చెప్పలేను.

చట్టం ఏమంటుంది, మనం ఏం చెయ్యాలి

తూటాలు, తుపాకీలో పోసే మందు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. విడి మందు పేలుడు పదార్థం కూడా కాబట్టి 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు వర్తిస్తాయి. వాటిని చూసే కేంద్ర సంస్థ పెసో, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. సామాన్యుడు గుర్తుంచుకోవాల్సింది ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా, మరే కారణం చేతనైనా ఆయుధం గానీ మందుగుండు గానీ మన దగ్గర ఉండటం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో అప్పజెప్పాలి. లైసెన్సుదారు చనిపోయిన ఇళ్లకు సరిగ్గా పనికొచ్చేది ఇదే.

2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులకు బదులు రెండే అన్నప్పుడు మూడోవి స్టేషన్లకు చేరాయి. ప్రతి ఎన్నికలకూ లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో పెట్టించుకుంటారు. అంటే మన ఊళ్లకు తుపాకీ అప్పజెప్పడం అలవాటైన పనే. తూటాల సంచీ, మందు డబ్బా మాత్రం ఆ లెక్కలోకి రావు. ఎవరూ అడగరు, మనం చెప్పం. తర్వాత దొరికినప్పుడు "ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి" అన్న భయం పట్టుకుంటుంది. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఈ భయమే. ఈ భయమే డబ్బాను అటక మీంచి బావిలోకి, భోగి మంటలోకి నడిపిస్తుంది. ఇవ్వకుండా ఉంచుకోవడం నేరమని చెప్పే చట్టంలోనే ఇచ్చే దారి కూడా ఉందని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

దొరికిందా, మూత తియ్యకండి, ఊపకండి, తుప్పు పట్టి బిగుసుకున్న మూతను సుత్తితో కొట్టకండి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ లేకుండా చూడండి. డబ్బా ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, ఉబ్బినా, గోధుమ రంగు ఆవిరి కనబడినా ఇంకేమీ ఆలోచించకుండా అందరినీ బయటికి పంపి 112కు ఫోను చెయ్యండి. మంట లేచిందంటే ఇసుకతో ఆర్పే ప్రయత్నం వద్దు, దూరం జరగడమే. చల్లగా, నిమ్మళంగా ఉంటే ఉన్నచోటే ఉండనిచ్చి, పిల్లల్ని అటు పోనివ్వకుండా స్టేషన్‌కు ఫోను చెయ్యండి. మీరుగా బండి డిక్కీలో పెట్టుకుని పోవద్దు. ఆర్టీసీ బస్సులోనో, రైల్లోనో అసలే వద్దు. ఒక కాగితం మీద లైసెన్సుదారు పేరు, లైసెన్సు నంబరు దొరికితే అది, ఎప్పుడు పోయారు, ఏం దొరికింది, ఎక్కడ, సుమారు ఎంత అన్నది రాసి, మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. తెలిసిన వకీలు ఉంటే వెంట తీసుకెళ్లండి. తుపాకీ నాడు ఇచ్చిన రసీదు ఉంటే అది మీకు పెద్ద అండ.

మొదటి ఫోనుకు నాకొచ్చిన జవాబు "తుపాకీ అయితే తీసుకురండి, మందు సంగతి మాకు తెలవదు" అని. రెండోసారి "మీరే ఎక్కడన్నా పారబొయ్యండి" అన్నారు. ఆ స్టేషన్ ఏదో రాయను, అక్కడివాళ్లకూ ఎవరూ నేర్పి ఉండరు. కానీ ఆ రెండో జవాబు విన్న మనిషి ఏం చేస్తాడో వాళ్లు ఒక్క నిమిషం ఆలోచించాలి. పోలీసు శాఖకు నా విన్నపం రెండు మాటలే. ఇలాంటి ఫోను వస్తే జిల్లా బాంబు నిర్వీర్య బృందానికి కలపమని ప్రతి స్టేషన్ గోడ మీదా రాసి పెట్టండి. వచ్చిన సరుకును స్టేషన్ వెనక రేకుల గదిలో, ఎండలో, పట్టుకున్న బళ్ల పక్కన నెలల తరబడి ఉంచకండి. సైప్రస్‌లో జరిగింది పోలీసుకీ సైన్యానికీ తెలియని సంగతి కాదు.

మూడో ఫోనులో ఒక అధికారి ఓపిగ్గా విన్నారు. భోగి అయిన మూడో రోజు బృందం వచ్చింది. అప్పటికి ఇంట్లోవాళ్లం పక్కింట్లో పడుకుంటున్నాం. వాళ్లలో ఒకరు అటకెక్కి, డబ్బాను గోనెపట్టాతో సహా రెండు చేతులా నింపాదిగా దింపి, జీపులో ఇసుక బస్తాల మధ్య పెట్టారు. తూటాలు వేరే పెట్టెలోకి వెళ్లాయి. రెండూ ఎందుకు కలపరని అడిగితే "ఒకటి అంటుకుంటే రెండోది దానికి తోడవకూడదు గదా" అన్నారాయన. ఊరికి దూరంగా, పై అధికారుల అనుమతితో, కొంచెం కొంచెంగా పరిచి దూరం నుంచి అంటిస్తామని చెప్పారు. రసీదులో "పొగరాని మందుగా కనిపించు పదార్థము, సుమారు 400 గ్రాములు" అని రాసిచ్చారు.

ఆ సాయంత్రం వెనక వీధి పెద్దాయన గేటు దగ్గర నిలబడి చాలాసేపు వానల సంగతి మాట్లాడాడు. వెళ్లబోతూ గొంతు తగ్గించి, "మా కొట్టంలో గూడా ఒకటుండాదిరా. మా అన్నది. నా పేరు రాయకుండా ఇచ్చేదానికి వీలవుద్దా?" అన్నాడు. పేరు రాయకుండా కుదరదని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికొచ్చి కూర్చుని, కాగితం, పెన్ను అడిగాడు.